టాపు లేని కారుకి పెద్ద చక్రాలు

రేవు ఇంకా కనబడకముందే సూర్యావతి చెప్పులు విప్పి చేతిలో పట్టుకుంది.

"అప్పుడే ఎందుకూ?" అన్నాడు బుచ్చిరాజు. ఒక చెయ్యి స్టీరింగు మీద, రెండో చెయ్యి తలుపు మీద వేసుకుని, గాలికి జుట్టు ఎగురుతుంటే హుషారుగా కారు నడుపుతున్నాడు.

"ఎలాగూ దిగాలి కదండీ," అంది భార్య.

ఆ కారు అలాంటిది. ఎర్రగా, పొట్టిగా, టాపు లేకుండా, రెండే రెండు సీట్లతో నేలని అంటిపెట్టుకుని పోతుంది. పందేలలో పరిగెత్తించే విదేశీ బండి. మద్రాసులో ఎవరో సినిమాల మనిషి మోజు తీరి అమ్మేస్తుంటే బుచ్చిరాజు మోజుపడి కొన్నాడు. అంబాజీపేట కొబ్బరి వర్తకుల్లో అంబాసిడర్లు ఉన్నవాళ్లు చాలామందే ఉన్నారు గాని, టాపు లేని కారు మాత్రం ఆయనకొక్కడికే ఉంది. అమలాపురం వీధుల్లో అది పోతుంటే రిక్షావాళ్లు తొక్కడం ఆపి చూసేవారు. ఆ చూపులు బుచ్చిరాజుకి భోజనం కన్నా ఎక్కువ. ఆయన భోజనం ఎలాంటిదో ఎరిగినవాళ్లకి ఇది చిన్న మాట కాదని తెలుసు.

కారు దర్జా అంతా తారురోడ్డు మీదే. కల్వర్టు ఎక్కడ గూనిలా లేచినా, రోడ్డు ఎక్కడ కుంగినా, కారు అడుగు నేలకి రాసుకుని కర్రుమనేది. అప్పుడు బుచ్చిరాజు బ్రేకు వేసి, పక్కకి తిరగకుండానే, "ఒక్కసారి దిగు సూర్యా," అనేవాడు. సూర్యావతి దిగేది. కారు గూని దాటేది. ఆమె వెనకాల నడిచి వెళ్లి మళ్లీ ఎక్కేది. ఇద్దరున్న కారులో బరువు తగ్గాలంటే ఎవరు దిగాలన్నది ఆలోచించవలసిన విషయమని ఎవరికీ తోచలేదు. మొదట్లో ఆమెకీ తోచలేదు.

ఆ రోజు మామిడికుదురులో బుచ్చిరాజు అక్కగారు సీతారత్నం ఇంట్లో తాంబూలాలు. ఆమె కూతురి పెళ్లి కుదిరింది. గన్నవరం మీదుగా చుట్టూ తిరిగిపోతే పంటు ఎక్కే బాధ లేదు. బయల్దేరేముందు సూర్యావతి ఆ మాట అంది కూడా. "కారు కొన్నది చుట్టు తిరగడానికా?" అన్నాడు బుచ్చిరాజు. అసలు సంగతి, బోడసకుర్రు రేవులో చూసేవాళ్లు ఎక్కువమంది ఉంటారు.

రేవులో పంటు ఒడ్డుకి ఆని ఉంది. రెండు పెద్ద నావల్ని జత చేసి, పైన బల్లలు పరిచి కట్టిన పంటు. ఒడ్డు నుంచి దాని మీదికి రెండు మందపాటి పలకలు ఏటవాలుగా వేస్తారు. ఆ పలకలూ పంటూ కలిసేచోట చిన్న గూని లేస్తుంది. జీపులకి అది లెక్కలోది కాదు. ఎర్రకారు కనబడగానే పంటు సరంగు జగ్గారావు తలపాగా సర్దుకుని ఎదురొచ్చాడు.

"ఆయ్, రండి రాజుగారూ. అమ్మగారు దిగిపోతే ఎక్కించేద్దామండి," అన్నాడు.

సూర్యావతి దిగింది. చీలమండలు మునిగే బురద. ఒక చేత్తో చెప్పులు, ఒక చేత్తో పట్టుచీర కుచ్చిళ్లు పట్టుకుని పక్కకి తప్పుకుంది. సైకిళ్లవాళ్లు, గంపలవాళ్లు, కాలేజీ కుర్రాళ్లు ముందు కారుని చూశారు, తరవాత ఆమె కాళ్లని చూశారు. ఆమె అత్తగారు కాపరానికి వచ్చినప్పుడు బండికి పరదా కట్టించుకుని, ఆ పరదా వెనకే ఈ నది దాటిందని ఇంట్లో ఇప్పటికీ గొప్పగా చెబుతారు. ఆ ఇంటి కోడలు ఇప్పుడు రేవులో బురద తొక్కుతోంది. పరదా ఆమెకి అక్కర్లేదు. సీటు మాత్రం కావాలి.

"రాజుగారి భార్యండి. అంత కారు పెట్టుకుని నడుస్తన్నారు, పాపం," అంది ఒక గంపలావిడ పక్కావిడతో, మెల్లిగానే అన్నాననుకుని.

పాపం అన్న మాట సూర్యావతికి బురద కన్నా గట్టిగా అంటుకుంది. ముఖం వేడెక్కి, ఎటు చూడాలో తెలియక కారు వైపే చూస్తూ నిలబడింది. అలా నిలబడడం వల్లే ఆమె ఒకటి గమనించింది. కారు పలకలెక్కి గూని దగ్గరికి రాగానే, తను దిగిపోయినా సరే, కర్రుమంది. జగ్గారావు మనుషులు వెనకనుంచి ఎత్తి తోస్తే గాని ఎక్కలేదు. తగిలింది నడిమధ్యన కాదు. కుడివైపు, సరిగ్గా బుచ్చిరాజు సీటు కింద. ఎడమవైపు వేళ్లు దూర్చడానికి వీలుగా జాగా ఉంది.

తిరిగొచ్చేటప్పుడూ అదే తంతు. ఇవతలి ఒడ్డున మళ్లీ ఎక్కి కూర్చుని, రుమాలుతో కాళ్లు తుడుచుకుంటూ అంది: "ఏమండీ, పెళ్లికి వెళ్లేటప్పుడు నేను దిగను."

"అంటే?"

"దిగనంటే దిగనండి. పెళ్లినాడు ఈ రేవులో మన చుట్టాలంతా ఉంటారు. వాళ్లందరి ముందూ బురదలో నడిచి మళ్లీ మీ పక్కన ఎక్కి కూర్చోలేను. దిగాల్సొస్తే ఇంటిదగ్గరే ఉండిపోతాను. పెళ్లికే రాను."

బుచ్చిరాజు ఉలిక్కిపడ్డాడు. పెళ్లికూతురికి ఆయన మేనమామ. పీటల దగ్గరికి పిల్లని తీసుకొచ్చేవేళ మేనమామ పక్కన భార్య కనబడకపోతే వచ్చినవాళ్లు తలో మాటా అంటారు. ఆయన చెడ్డవాడు కాడు, తోచనివాడు. తోచిందంటే మాత్రం చేతికి ఎముక ఉండదు.

"ఓస్, ఇంతేనా? పెద్ద చక్రాలు వేయించేద్దాం," అన్నాడు. "కారు దానంతటదే ఎత్తు లేస్తుంది. రేపే మద్రాసుకి ట్రంకాల్ చేస్తాను."

*

చక్రాలు, మద్రాసులో కొబ్బరికాయలు దింపి తిరిగొస్తున్న లారీలో వచ్చాయి. ఒక సైజు చాలదని బుచ్చిరాజు రెండు సైజులవి, నాలుగేసి చొప్పున తెప్పించాడు. ఎర్రవంతెన దగ్గర ఏసుపాదం షెడ్డుకి ఆయన బయల్దేరుతుంటే సూర్యావతి కూడా చీర మార్చుకుని వచ్చింది.

"షెడ్డుకి నువ్వెందుకూ? అంతా గ్రీజు," అన్నాడు.

"అడుగు ఎక్కడ తగులుతోందో మీరెప్పుడూ చూడలేదుగా. మీరు కూర్చునే ఉన్నారు. దిగి చూసింది నేను," అంది ఆమె.

ఆ మాటలో వెటకారమేమీ లేదు. ఉన్న సంగతి చెప్పినట్టే చెప్పింది. అందుకే బుచ్చిరాజు ఆమెకి కారు తలుపు తీశాడు.

ఏసుపాదం కొత్తపేట నుంచి రాజోలు దాకా పేరున్న మెకానిక్కు. ఇంజను మూత ఎత్తకుండానే జబ్బు చెబుతాడని అంటారు. బళ్లకి సంబంధించినంతవరకూ అతనికి భయం లేదు. మనుషుల దగ్గరే చిక్కు. ఎదటివాళ్లకి నచ్చని మాట చెప్పాలంటే అతని గొంతు సగంలో ఆగిపోతుంది. ఆదివారం చర్చిలో పాట అందుకున్నాడంటే కిటికీ అద్దాలు అదురుతాయి గాని, షెడ్డులో మాత్రం "ఆయ్" తప్ప వినపడేది తక్కువ.

కారు పక్కనే మూడు రకాల చక్రాలు వరసగా ఆనించాడు. మొదటిది కారు స్పేరు చక్రం, పదమూడు అంగుళాలది. పక్కన పద్నాలుగువి, నల్లరంగు వేసిన ఇనప చక్రాలు, చూడడానికి సాదాగా ఉన్నాయి. మూడోవి పదిహేను అంగుళాలవి. అల్యూమినియం. మధ్యనుంచి అంచుకి చువ్వలు విచ్చుకుని, ఎండ పడినచోటల్లా మెరుస్తున్నాయి. బుచ్చిరాజు వాటిని చూసిన చూపులోనే ఎంపిక అయిపోయింది.

"ఇవే," అన్నాడు.

"ఆయ్. బాగుంటాయండి," అన్నాడు ఏసుపాదం. కొంచెం ఆగి, "చక్రం పెద్దదైతే కారు లేస్తుందండి. కాకపోతే పైన మడ్గార్డులో అది తిరగడానికి జాగా కూడా కావాలి కదండీ. ఓసారి తొడిగి చూద్దామండి," అన్నాడు.

బోల్టుల కన్నాలు కలవవని, చక్రానికీ ఇరుసుకీ మధ్య వేసే రేకు లేతు మిషను మీద చేయించి ముందే తెచ్చి పెట్టుకున్నాడు. జాకీ ఎత్తాడు, పాతవి ఊడదీశాడు, కొత్తవి తొడిగి నట్లు ఎదురెదురుగా బిగించాడు. జాకీ దింపగానే కారు నిజంగానే ఒళ్లు విరుచుకుని లేచినట్టుంది. బుచ్చిరాజు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "అద్దిరిపోయింది," అన్నాడు.

ఏసుపాదం జేబులోంచి సుద్దముక్క తీసి ముందు టైర్ల అంచులకి తెల్లగా పూశాడు. "తవరు కూర్చుని స్టీరింగు అటు చివరికీ ఇటు చివరికీ తిప్పండి రాజుగారూ. ఎక్కడ రాసుకుంటే అక్కడ సుద్ద చెరుగుద్దండి," అన్నాడు.

బుచ్చిరాజు ఎక్కి కూర్చున్నాడు. కారు కుడివైపుకి ఒరిగింది. స్టీరింగు ఎడమకి పూర్తిగా తిప్పగానే బట్ట చిరిగిన చప్పుడు లాంటిది వినిపించింది. ఏసుపాదం వంగి చూశాడు. ఎడమ టైరు మీద సుద్ద పూసింది పూసినట్టే ఉంది. కుడి టైరు మీద నల్లగా చెరిగిపోయింది.

"ఏమయింది?" అన్నాడు బుచ్చిరాజు.

"మరేనండి... కొంచెం తగులుతుందండి."

"ఎందుకు తగులుతోంది?"

ఏసుపాదం నీళ్లు నమిలాడు. స్ప్రింగు వైపు చూశాడు, టైరు వైపు చూశాడు, స్టీరింగుని తాకుతున్న రాజుగారి పొట్ట వైపు చూసి, చప్పున చూపు తిప్పేసి గోడ మీద కేలండరు చూశాడు. "స్ప్రింగు మెత్తబడిందేమోనండి," అన్నాడు చివరికి. "విదేశీ స్ప్రింగు కదండీ. మడ్గార్డు అంచు కాస్త కోసేసి బయటికి వంచితే సరిపోద్దండి."

"కోసెయ్. దానికింత ఆలోచనేమిటి?" అన్నాడు బుచ్చిరాజు దిగుతూ.

ఆయన దిగగానే కారు కుడివైపు మళ్లీ లేచింది. సూర్యావతి దాన్ని చూసింది. ఏసుపాదం కూడా చూశాడు. ఇద్దరి చూపులూ కలిసేసరికి అతను వంగి, కింద ఏమీ పడకపోయినా ఏదో ఏరుకున్నాడు.

*

మర్నాడు బుచ్చిరాజు లారీలకి కాయ ఎత్తించడానికి అంబాజీపేట వెళ్లగానే సూర్యావతి రిక్షా పిలిపించుకుని షెడ్డుకి వచ్చింది. కోతకి ముందు ఆ మడ్గార్డుని ఒకసారి చూడాలనిపించింది. నున్నగా, ఒక్క గీటు లేకుండా, చెక్కినట్టుండే ఆ ఎర్రటి వంపుని రంపంతో కోస్తారంటే రాత్రంతా ఆమెకి ఎవరో తన చీర చెంగు కత్తిరిస్తున్నట్టే ఉంది. కారంటే తనకీ ఇష్టమేనని ఆమెకి అప్పుడే తెలిసింది.

షెడ్డులో పదిహేను అంగుళాల చక్రాల మీదే కారు నిలబడి ఉంది. డ్రైవరు సీట్లో కొబ్బరికాయల బస్తాలు ఉన్నాయి. ఒకటి సీట్లో కూర్చుంది. ఇంకోటి దాని ఒళ్లో ఉంది. జారిపోకుండా రెంటినీ కలిపి తాడుతో సీటుకి కట్టారు. ఏసుపాదం కారు ముందు బోర్లా పడుకుని టైరు అంచుకి సుద్ద పూస్తున్నాడు.

"ఏసుపాదం, సీట్లో ఎవరు?" అంది సూర్యావతి.

"రాజుగారండి," అన్నాడు అతను పని ధ్యాసలో. ఆ వెంటనే ఎవరి గొంతో తెలిసి, నాలిక్కరుచుకుని, గభాల్న లేవబోయి తల బంపరుకి కొట్టుకున్నాడు.

సూర్యావతి నవ్వు ఆపుకోలేకపోయింది. పమిట నోటికి అడ్డం పెట్టుకుని, గోడకి ఆనుకుని, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. ఏసుపాదం మాత్రం చేతులు కట్టుకుని, నేరం ఒప్పుకున్నవాడిలా నిలబడ్డాడు.

"తప్పుగా అనుకోకండమ్మగారూ. ఆయన్ని మాటిమాటికీ కూర్చోమని అడగలేం కదండీ. అందుకని..."

"ఒక బస్తా చాల్లేదా?"

"లేదండి," అన్నాడు అతను చాలా నెమ్మదిగా.

"ఆ బస్తాలు దింపు. నేను కూర్చుంటాను."

బస్తాలు దింపాడు. సూర్యావతి డ్రైవరు సీట్లో కూర్చుని, బండార్లంక నేతచీర కుచ్చిళ్లు మోకాళ్ల దగ్గర దోపుకుని, స్టీరింగు ఎడమకి పూర్తిగా తిప్పింది. చప్పుడు లేదు. కుడికి తిప్పింది. లేదు. ఏసుపాదం వంగి చూసి, సుద్ద ఎక్కడా చెరగలేదని చెప్పాడు. తరవాత పద్నాలుగు అంగుళాలవి తొడిగించింది. వాటితో బస్తాలు ఎక్కించినా టైరు తగల్లేదు. అయితే కారు పదిహేను మీద లేచినంత లేవలేదు. షెడ్డు గుమ్మం దగ్గర రేవు పలకల్లాగే రెండు పలకలు ఏటవాలుగా వేయించి చూసింది. బస్తాలు సీట్లో పెట్టి తోయిస్తే అడుగు తగిలింది. తను ఒక్కతే నడిపిస్తే తగల్లేదు.

"బండి బాగానే పోనిస్తన్నారండి అమ్మగారూ," అన్నాడు ఏసుపాదం ఆశ్చర్యంగా.

"పుట్టింట్లో మా నాన్నగారి జీపు పొలం గట్ల మీద తిప్పేదాన్ని. ఇక్కడ ఎవరూ అడగలేదు," అంది ఆమె.

ఏ చక్రం తొడిగినా లెక్క ఒక్కటే చెబుతోంది. పెద్దవి తొడిగితే టైరు రాసుకుంటుంది, చిన్నవి తొడిగితే అడుగు రాసుకుంటుంది. రెండింటికీ కారణం కుడి సీట్లో ఉంది. ఆ ఒక్క మాట చెప్పలేక ట్రంకాళ్లు చేశారు, లారీలో చక్రాలు తెప్పించారు, ఇప్పుడు బంగారంలాంటి బండికి రంపం పెట్టబోతున్నారు. సూర్యావతికి నవ్వు పోయి కోపం వచ్చింది.

"నీకు మొదటి రోజే తెలుసు కదూ?"

"ఆయ్."

"మరి చెప్పలేదే?"

"ఎలా చెప్తామండీ బాబూ?" అన్నాడు ఏసుపాదం. అతని ముఖంలో నిజమైన బాధ కనబడింది. "ఎదురుగుండా నిలబడి, రాజుగారూ తవరే బరువు, తవరే దిగాలి అంటామా అండీ? ఆయన ఏమీ అనరండి, మంచివారు. మాకే నోరు రాదండి."

నన్ను దిగమనడానికి మాత్రం అందరికీ నోరొస్తుంది, అనుకుంది సూర్యావతి. పైకి అనలేదు. ఈ మనిషి మీద చూపించవలసిన కోపం కాదది.

"మడ్గార్డు కొయ్యకు. పద్నాలుగు ఉంచు. పదిహేను గోనెలో కట్టి ఇంటికి పంపించు," అంది.

"రాజుగారు అడిగితేనండీ?"

"నేను చెప్పానని చెప్పు."

*

బుచ్చిరాజు సాయంత్రం ఇంటికి వచ్చేసరికి గోనెలో కట్టిన అల్యూమినియం చక్రాలు వసారాలో ఉన్నాయి. ఆయన ముఖం చిన్నబోయింది.

"ఇవెందుకొచ్చేశాయి?"

"పద్నాలుగు చాలండి. నేనే చెప్పాను. మడ్గార్డు కొయ్యొద్దని కూడా చెప్పాను."

"నీకేం తెలుసు సూర్యా చక్రాల గురించి?" అన్నాడు. విసుగుతో కాదు, నిజంగానే ఆశ్చర్యంతో.

"రేవు సంగతి తెలుసు. పెళ్లినాడు కారు అడుగు పలకలకి తగలకుండా పంటు ఎక్కితే, ఇంకెప్పుడూ ఎక్కడా నన్ను దిగమనకూడదు. తగిలితే నేనే ఏసుపాదం దగ్గరుండి మడ్గార్డు కోయిస్తాను. సరేనా?"

బుచ్చిరాజుకి ఈ ధోరణి కొత్త. కాస్త సరదాగా కూడా ఉంది. "సరే," అని గోనె విప్పి, మెరిసే చక్రాన్ని ఒకటి చేత్తో తుడిచి, మళ్లీ కట్టేశాడు.

తక్కినది ఆమె చెప్పలేదు. చెబుదామా అని అన్నం వడ్డిస్తూ ఒకటికి రెండుసార్లు అనుకుంది. ఇంట్లో చెబితే ఆయన నవ్వేసి, ఇంకొక వడ్డన అడిగి, మర్చిపోతాడు. రేవులో చెబితే పదిమందిలో ఆయన తల దించుకోవాలి. అది న్యాయమా? ఆమె కొంతసేపు నిజాయితీగానే ఆలోచించింది. తనని దిగమన్న ప్రతిసారీ పదిమందిలోనే అన్నారు. అలా అనడం తప్పని ఆయనకి ఒక్కసారీ అనిపించలేదు. అనిపించాలంటే ఆయన అక్కడ నిలబడాలి. వేరే దారి ఆమెకి కనబడలేదు.

*

పెళ్లినాడు రేవు నిండా చుట్టాలే. మూడు జీపులు, అంబాసిడర్లు, పట్టుచీరలు, తలపాగాలు. ఒడ్డున నిలబడి తోడికోడళ్లు చేతులూపారు. సూర్యావతి చెప్పులు కాళ్లకే ఉంచుకుని, వీపు సీటుకి ఆనించి కూర్చుంది.

"ఆయ్, రండి రాజుగారూ. కొత్త చక్రాలా అండీ? దర్జాగా ఉన్నాయండి," అన్నాడు జగ్గారావు. "అమ్మగారు..."

"దిగట్లేదు జగ్గారావూ," అంది సూర్యావతి.

బుచ్చిరాజు హుషారుగా కారు పలకల మీదికి ఎక్కించాడు. గూని దగ్గరికి వచ్చేసరికి కర్రుమంది. మునుపటంత కాదు, అయినా అందరికీ వినబడింది. ఆయన వెనక్కి తీశాడు. ముఖంలో కాస్త గెలుపు కూడా ఉంది.

"చూశావా, పదిహేనే ఉంచాల్సింది. ఒక్కసారి దిగు సూర్యా."

అలవాటైన మాట, అలవాటుగానే వచ్చింది.  జీపుల్లోంచి అందరూ ఇటే చూస్తున్నారు. సూర్యావతి వీపు సీటుకి ఇంకా గట్టిగా ఆనించింది.

"మీరు దిగండి."

"నేనా?"

"మీరేనండి. తగిలేది మీ సీటు కింద. నేను దిగితే తగ్గే బరువెంత?"

"నేను దిగితే కారెవరు నడుపుతారు?"

"నేను."

జీపులో ఎవరో కిసుక్కుమన్నారు. బుచ్చిరాజు సాయం కోసం సరంగు వైపు తిరిగాడు. "ఏమిటిరా జగ్గారావూ ఇది?"

జగ్గారావు నది వైపు చూస్తూ తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. "ఆయ్... అమ్మగారు అంతగా చెప్తన్నారు... ఓసారి చూద్దామండి," అన్నాడు.

వెనక జీపు హారన్ కొట్టింది. బుచ్చిరాజు పెద్దగా నవ్వి, అందరికీ వినబడేలా, "సరే, ఆవిడ ముచ్చట తీరుద్దాం," అంటూ దిగాడు. ఆయన పాదం పలక మీద ఆనగానే కారు కుడివైపు పైకి లేచింది. ఒక్కసారిగా, బాగా లేచింది. రేవు రేవంతా చూసింది. గోదావరి మర్యాద, ఒక్కరూ పల్లెత్తు మాట అనలేదు. బుచ్చిరాజు నవ్వు మాత్రం సగంలో ఆగింది. ఆయనా చూశాడు.

సూర్యావతి డ్రైవరు సీట్లోకి జరిగి, కుచ్చిళ్లు దోపుకుని, క్లచ్చి నెమ్మదిగా వదిలింది. కారు పలకలెక్కింది, గూని దగ్గర ఒక్క క్షణం తటపటాయించి, చప్పుడు లేకుండా పంటు మీదికి వచ్చేసింది. కాలేజీ కుర్రాళ్లెవరో ఈల వేశారు. ఆమె బ్రేకు వేసి, కారు పక్క అద్దంలో వెనక్కి చూసింది.

బుచ్చిరాజు ఒడ్డున ఉన్నాడు. జీపుకి దారివ్వడానికి పలకల మీద నుంచి బురదలోకి దిగి పక్కకి తప్పుకున్నాడు. పట్టుపంచె అంచు ఒక చేత్తో ఎత్తి పట్టుకున్నాడు. బావగార్లు జీపుల్లోంచి ఆయన్ని చూస్తున్నారు. ఎటు చూడాలో తెలియక ఆయన కారునే చూస్తున్నాడు. సూర్యావతికి సంతోషం కలిగింది. దాచుకోవలసిన పని లేదు, గట్టి సంతోషమే కలిగింది. దానితోపాటే గుండెలో ఇంకేదో కదిలింది గాని, దానికి పాపం అన్న పేరు పెట్టడానికి ఆమె ఒప్పుకోలేదు. ఆ మాట పడ్డవాళ్లకే దాని రుచి తెలుసు.

పంటు కదిలింది. జీపు వెనకాలే పంటెక్కిన బుచ్చిరాజు కారు పక్కన నిలబడ్డాడు, కారెక్కలేదు. 

"ఏసుపాదానికి తెలుసా?" అన్నాడు చిన్న గొంతుతో.

"తెలుసండి."

"జగ్గారావుకి?"

"రేవులో అందరికీ తెలుసు."

"మరి ఒక్కడూ చెప్పలేదేం?"

"మీకెలా చెప్తారండీ? నాకు చెప్పడం తేలిక. దిగమంటే దిగేదాన్ని కదా," అంది సూర్యావతి. నిష్ఠూరంగా కాదు. నది మీద గాలి ఉంది, మాట దానంతటదే వచ్చేసింది.

బుచ్చిరాజు పంచె అంచుకి అంటుకున్న బురద ఆరి తెల్లబడుతుంటే దాన్నే చూస్తూ అవతలి ఒడ్డు దాకా నిలబడ్డాడు. పంటు ఆనగానే, జగ్గారావు నోరు తెరవకముందే, అందరికన్నా ముందు పలకలు దిగి ఒడ్డున పక్కగా నిలబడ్డాడు. సూర్యావతి కారు దింపింది. ఆమె సీటు మారబోతుంటే ఆయన ఎడమ తలుపు తీసుకుని, మోకాళ్లు ముడుచుకుని, ఇబ్బందిగా కూర్చున్నాడు.

"నువ్వే పోనీ," అన్నాడు.

పాశర్లపూడి దాటాక కొబ్బరితోటల మధ్య ఒక కల్వర్టు వచ్చింది. నడుమ బాగా లేచిన కల్వర్టు. కిందటిసారి సూర్యావతి ఇక్కడా దిగి నడిచింది. ఆమె బ్రేకు మీద కాలు వేయగానే బుచ్చిరాజు తలుపు గడియ మీద చెయ్యి వేశాడు.

"దిగనా?" అన్నాడు.

అడగడం వరకే అడిగాడు గాని, ఆమె ఊఁ అంటే దిగిపోయేలాగే ఉన్నాడు. సూర్యావతి ఆయన వైపు తిరిగి చూసింది.

"అక్కర్లేదు, కూర్చోండి. ఐమూలగా, నెమ్మదిగా ఎక్కిస్తాను," అంది.

కారుని ఐమూలగా తిప్పి, ముందు ఒక చక్రం, తరవాత ఒక చక్రం, మొదటి గేరులో మెల్లిగా ఎక్కించింది. నాన్నగారి పొలంలో గట్లు అలాగే దాటించేది. ఇద్దరితోనూ కారు కల్వర్టు ఎక్కి దిగింది. కింద ఎక్కడా తగల్లేదు.

బుచ్చిరాజు మెడ తిప్పి వెనక్కి చూశాడు. కల్వర్టు వెనకబడిపోయినా చూస్తూనే ఉన్నాడు.

"పాత చక్రాలతో కూడా ఇలా పోయేదా సూర్యా?" అన్నాడు.

 తోటల అవతల నుంచి పెళ్లివారి సన్నాయి వినిపిస్తోంది.

"నెమ్మదిగా పోతే పోయేదండి," అంది, గేరు మారుస్తూ.